జిన్నియా ఎందుకు వాడదు, ఆ పేరు ఎవరిది

మా మిద్దె మీద పిట్టగోడ పక్కన ఒక జిన్నియా కుండీ ఉంది. అందులో మొదటి పువ్వు విచ్చిన రోజున క్యాలెండర్ మీద పెన్నుతో సున్నా చుట్టాను. పక్క కుండీలో మందారం పొద్దున పూసి సాయంత్రానికి ముడుచుకుపోతోంది. మల్లెలు రాత్రి విచ్చి మర్నాటికి నేల మీద ఉంటున్నాయి. ఈ ఎర్ర జిన్నియా మాత్రం పదిహేనో రోజున కూడా రంగు కాస్త తగ్గిందే తప్ప ఒక్క రేకూ రాల్చలేదు. మా అమ్మ రోజూ పూజకి పూలు కోయడానికి పైకి వస్తుంది. దాని దగ్గర ఆగి, "ఇదేం పువ్వు, కాగితంతో చేసి అతికించినట్టు అట్టాగే ఉంది" అనేది. ఇంకో రోజు, "జిన్నియా అంటే ఏంటసలు, ఏ భాష మాట?" అని అడిగింది.

ఈ రెండు ప్రశ్నలకీ జవాబు చిన్నదే అనుకున్నాను. వెతుక్కుంటూ పోతే, మొదటిదానికి చాలామంది చెప్పే జవాబు సగమే నిజమనీ, రెండోదాని చుట్టూ కట్టుకథలు అల్లుకున్నాయనీ తెలిసింది. రెండింటికీ అసలు జవాబు ఆ పువ్వు లోపలే ఉంది. అందుకని ముందు దాన్ని విప్పి చూద్దాం.

ఇరవయ్యో రోజున ఆ పువ్వు కోసి, పాత పేపరు పరిచి దాని మీద పెట్టి, పిన్నీసు పట్టుకుని కూర్చున్నాను. అంచున ఉన్న ఒక రేకుని రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా లాగితే ఒంటరిగా రాలేదు. అడుగున పచ్చిగా, బాణం ములికిలా ఉన్న గింజ ఒకటి అంటుకుని వచ్చింది. రేకు మొదట్లో, గింజ నెత్తిన, సన్నటి పసుపు దారం లాంటిది పైకి లేచి కొసన రెండుగా చీలి ఉంది. అది కీలం, అంటే పువ్వులో ఆడ భాగం. కొసన చీలినవి కీలాగ్రాలు. అంటే నా చేతిలో ఉన్నది రేకు కాదు. అండాశయం, కీలం, రంగు అన్నీ ఉన్న పూర్తి ఆడ పువ్వు.

మధ్యలో దిమ్మెలా ఉన్న భాగంలోకి పిన్నీసు గుచ్చి విడదీస్తే చిన్న చిన్న గొట్టాలు ఊడివచ్చాయి. ఒక్కో గొట్టం మూతి దగ్గర ఐదు మొనలుగా విచ్చుకుని పసుపు నక్షత్రంలా ఉంటుంది. ఆ మొనల లోపలివైపు మఖమలు లాంటి నూగు. ఇవీ పువ్వులే. వీటిలో కేసరాలూ కీలమూ రెండూ ఉంటాయి. పుప్పొడి ఇచ్చేది ఇవే. వీటి మధ్య మధ్యన ముదురు రంగు కొసలున్న పొలుసులు నిలబడి ఉంటాయి. దిమ్మెకి ఆ గరుకుదనం వాటివల్లే వస్తుంది.

ఇంటర్‌లో బోటనీ చదివినవాళ్లకి ఇది గుర్తుండే ఉంటుంది. శీర్షవద్విన్యాసం అని నోరు తిరగని మాట ఒకటి ఉండేది. అంచు పూలు కిరణ పుష్పకాలు, మధ్యవి బింబ పుష్పకాలు. పొద్దుతిరుగుడు, బంతి, చామంతి అన్నీ ఇదే కుటుంబం. మనం ఒక పువ్వు అనుకుని కోసేది ఒక ఊరు. జిన్నియా ఆ కుటుంబంలో పొద్దుతిరుగుడుకి బాగా దగ్గరి చుట్టం.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. "పువ్వులో అన్ని పూలు ఉన్నాయి కాబట్టి ఎక్కువ రోజులుంటుంది" అని చెప్పి ఊరుకుంటారు. నేను సగం నిజం అన్నది ఈ జవాబునే. దిమ్మెలోని పూలు అన్నీ ఒకేసారి విచ్చవు. బయటి వరస ముందు, తరవాత దాని లోపలి వరస, అలా రోజుకి కొంచెం చొప్పున నడిమికి జరుగుతూ పోతాయి. దిమ్మె కూడా రోజురోజుకీ పైకి లేస్తుంది. కాబట్టి సీతాకోకచిలుకకి చాలా రోజులపాటు ఏదో ఒక వరసలో తేనె దొరుకుతూనే ఉంటుంది. కానీ ఈ పద్ధతి చామంతిలోనూ ఉంది, పొద్దుతిరుగుడులోనూ ఉంది. పొద్దుతిరుగుడు గింజ పట్టేసరికి పసుపు రేకులన్నీ వాడి రాలిపోతాయి. జిన్నియాకి మాత్రం రాలవు. తేడా ఎక్కడుంది?

ఆ గింజ అంటుకుని వచ్చిన రేకులోనే ఉంది. మామూలు పువ్వుల్లో పని అయిపోగానే రేకు మొదట్లో ఒక బలహీనమైన కణాల పొర తయారవుతుంది. అక్కడ పట్టు వదిలేసి రేకు రాలుతుంది. జిన్నియా అంచు పువ్వులో రేకుకి గొట్టం లాంటి మెడ దాదాపు లేదు. గింజ నెత్తి మీద నేరుగా కూర్చుని దానితో కలిసిపోయి ఉంటుంది. అక్కడ పట్టు వదలదు. రేకు కూడా మెత్తగా, నీళ్లతో నిండినట్టు ఉండదు, బిరుసుగా ఉంటుంది. గింజ ముదురుతున్నకొద్దీ రేకు ఎండి కాగితంలా అవుతుంది. రాలే రోజున రెండూ కలిసే రాలతాయి. పూల కుటుంబాలని వర్గీకరించే శాస్త్రజ్ఞులు జిన్నియాకీ దాని దగ్గరి బంధువులకీ ఇదొక గుర్తుగా పెట్టుకున్నారు. అమ్మ కాగితం అన్నది ఉత్త పోలిక కాదు.

ఇంగ్లీషు మాట్లాడే దేశాల పల్లెల్లో జిన్నియాకి "యవ్వనమూ ముసలితనమూ" అనే అర్థం వచ్చే పాత పేరొకటి ఉంది. పాత పువ్వు రంగు తగ్గి నిలబడే ఉండగా, దాని కింది కణుపుల నుంచి కొమ్మలు లేచి కొత్త పూలు దాని తల దాటి పూస్తాయి. ఒకే మొక్క మీద మూడు తరాలు కనపడతాయి. ఆ పేరు పెట్టినవాళ్లెవరో గానీ మొక్కని బాగా చూసి పెట్టారు.

ఇక్కడే ముద్ద పూల సంగతి కూడా చెప్పాలి. మనకి రేక మందారం, ముద్ద మందారం అని రెండూ తెలుసు. ముద్ద మందారంలో కేసరాలు రేకులుగా మారతాయి. జిన్నియా ముద్దగా పూసినప్పుడు జరిగేది వేరు. అక్కడ కేసరాలు కాదు, పువ్వులే మారతాయి. మధ్యన గొట్టాల్లా ఉండాల్సిన పూలు అంచు పూల రూపం ఎత్తుతాయి. ఊరంతా ఆడ పూలే అయిపోయినట్టు అన్నమాట. కంటికి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ పుప్పొడి బాగా తగ్గిపోతుంది. మా మిద్దె మీద సీతాకోకచిలుకలు రేకల జిన్నియా మీద వాలినంతగా ముద్ద జిన్నియా మీద వాలవు. ముద్ద పువ్వు గింజలు దాచి వేస్తే మరుసటేడు సగం మొక్కలు ఒంటి వరస పూలు పూయడానికి కూడా ఇదొక కారణం. ముద్ద పువ్వు దగ్గర పుప్పొడి తక్కువ కాబట్టి, తేనెటీగ పక్కనున్న ఒంటి వరస పువ్వు నుంచి పుప్పొడి తెచ్చి పెడుతుంది.

ఇక పేరు.

జిన్నియా పేరు గురించి రెండు కథలు బాగా తిరుగుతున్నాయి. మొదటిది దొంగల కథ. జిన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు మెక్సికో కొండల్లో పూలు ఏరుకుంటూ ఉంటే దొంగలు చుట్టుముట్టారట. సంచీ దులిపితే వాడిపోయిన పూలు తప్ప ఏమీ లేవు. పిచ్చివాడేమో, పిచ్చివాడిని కొడితే పాపం అని వదిలేశారట. ఆ పూలే జిన్నియాలట. పిల్లలకి చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ ఆ మనిషి జీవితం తారీఖులతో సహా తెలుసు. అందులో మెక్సికో ప్రయాణం లేదు.

రెండోది కంటి కథ. అడవి జిన్నియా అందంగా లేదని స్పానిష్‌వాళ్లు దాన్ని "కంటి జబ్బు" అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవారనీ, అందుకే దానికి కంటి వైద్యుడి పేరు పెట్టారనీ. ఇందులో ముందు సగం సంగతి ఎలా ఉన్నా, వెనక సగం తప్పు. పేరు పెట్టినాయన కంటిని చూసి పెట్టలేదు. పువ్వుని చూసి పెట్టాడు.

యోహాన్ గాట్‌ఫ్రీడ్ జిన్ 1727 డిసెంబరులో జర్మనీలోని ష్వాబాఖ్ అనే ఊళ్లో పుట్టాడు. గాటింగెన్ విశ్వవిద్యాలయంలో ఆల్బ్రెఖ్ట్ ఫాన్ హాలర్ దగ్గర వైద్యం చదివాడు. హాలర్ సామాన్యుడు కాదు. శరీరధర్మశాస్త్రానికి పునాది వేసినవాళ్లలో ఒకడు. ఆ విశ్వవిద్యాలయానికి వృక్షోద్యానం కట్టించినవాడు కూడా ఆయనే. ఆ కాలంలో వైద్యానికీ మొక్కలకీ మధ్య గోడ లేదు. మందులన్నీ మొక్కల నుంచే కాబట్టి వైద్యుడికి మొక్కలు తెలిసి తీరాలి. మన ఆయుర్వేద వైద్యులకి మూలికల తోట ఉన్నట్టే. జిన్ చదువయ్యాక కొంతకాలం బెర్లిన్‌లో పనిచేశాడు. 1753లో హాలర్ సొంత దేశం స్విట్జర్లాండుకి వెళ్లిపోయాక గాటింగెన్‌కి తిరిగొచ్చి, వైద్యం బోధిస్తూ ఆ తోట బాధ్యత తీసుకున్నాడు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

తోటలో అమెరికా ఖండం నుంచి వచ్చిన గింజలతో మొలిచిన మొక్క ఒకటి పూసింది. 1757లో జిన్ ఆ తోట మొక్కల పట్టీ అచ్చువేస్తూ దాని గురించి ఒక పొడుగు లాటిన్ వాక్యం రాశాడు. అప్పటి పద్ధతి అది. మొక్క పేరంటే దాని గుర్తులన్నీ కలిపి కూర్చిన వాక్యం. జిన్ దాన్ని రడ్బెకియా అనే జాతిలో చేర్చి, ఎదురెదురు ఆకులనీ, నూగు ఉందనీ, అడుగు పొలుసులు పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఉన్నాయనీ చెప్పి, చివర్న ఒక మాట చేర్చాడు: అంచు రేకులకి కీలాలు ఉన్నాయి అని. నేను పేపరు మీద పిన్నీసుతో చూసి ఆశ్చర్యపోయిన సంగతి ఆయన రెండున్నర శతాబ్దాల కిందట రాసి పెట్టాడు. రడ్బెకియా అంచు పూలకి కీలం ఉండదు. అవి ఉత్త అలంకారానికి ఉన్న గొడ్డు పూలు. జాతి పేరు పొరపాటే గానీ, ఆ పొరపాటుని పట్టించే గుర్తు కూడా జిన్ తన వాక్యంలోనే ఇచ్చాడు.

స్వీడన్‌లో కార్ల్ లిన్నేయస్ అప్పుడు ప్రపంచంలోని మొక్కలన్నిటికీ రెండేసి మాటల పేర్లు పెడుతున్నాడు. ఇదే మొక్కని ఆయన 1753లో క్రైసోగోనమ్ అనే ఇంకో జాతిలో పెట్టి ఉన్నాడు. తరవాత అది అక్కడా ఇమడదని తేలింది. కొత్త జాతి కావాలి, కొత్త పేరు కావాలి. దాన్ని శ్రద్ధగా వర్ణించిన యువకుడి పేరే దానికి పెట్టాడు.

ఇందులో నాకు నచ్చే సంగతి ఒకటుంది. జిన్ గురువు హాలర్‌కి లిన్నేయస్ పద్ధతి అంటే పడేది కాదు. ఇద్దరూ పెద్దవాళ్లే, ఇద్దరి మధ్యా చాలా వాదం నడిచింది. తనని విమర్శించినవాళ్ల విషయంలో లిన్నేయస్ మెత్తని మనిషేమీ కాదు. సీగెస్‌బెక్ అనే ఆయన పేరుని జిగురు జిగురుగా ఉండే ఒక కలుపు మొక్కకి తగిలించాడు. అలాంటి మనిషి, పోటీదారు శిష్యుడికి ఇంత చక్కని జాతిని రాసిచ్చాడు. పని చూసి ఇచ్చిన గౌరవం అది.

జిన్ ఆ పేరు అచ్చులో చూడలేదు. 1759 ఏప్రిల్ 6న పోయాడు. ముప్పై ఒక్కేళ్లు. జిన్నియా పేరున్న లిన్నేయస్ గ్రంథ సంపుటం ఆ ఏడాది జూన్‌లో వెలువడింది.

పేరు పలకడం గురించి ఒక మాట. జర్మన్‌లో ఆ మొదటి అక్షరం మన "చుక్క", "చాప"లో పలికే చకారానికి దగ్గరగా ఉంటుంది. మన వ్యాకరణం దంత్యం అనే చకారం అది. ఇంగ్లీషువాళ్ల నోట అదే "జడ", "జామ"లోని జకారానికి దగ్గరగా మారింది. రెండు ధ్వనులూ తెలుగులో ఉన్నాయి. కానీ ఇకారం ముందు మన చ, జ ఎప్పుడూ తాలవ్యాలే అవుతాయి. "చిలుక", "జిల్లేడు" పలికినట్టే "జిన్నియా" అంటాం. ఇందులో తప్పేమీ లేదు. పువ్వు ఏ ఊళ్లో పూస్తే ఆ ఊరి నోటికి ఒదుగుతుంది.

మరి కంటి సంగతి? అది పేరుకి కారణం కాకపోయినా కట్టుకథ మాత్రం కాదు. 1755లో జిన్ మనిషి కంటి నిర్మాణం మీద లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. కంటి లోపలి భాగాలన్నిటినీ అంత వివరంగా, ఒకేచోట వర్ణించిన మొదటి పుస్తకంగా దాన్ని చెబుతారు. కంటి వెనక, కనుగుడ్డుని తిప్పే కండరాలు పుట్టే వలయానికి జిన్ వలయం అని పేరు. కంటి లోపల కటకాన్ని, అంటే లెన్సుని, పట్టుకుని ఉండే సన్నటి పోగులకి జిన్ పోగులు అని పేరు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ ఆ పేర్లే చదువుతారు.

ఆ పోగుల పని ఏమిటో మా ఇంట్లోవాళ్లకి అమ్మ శుక్లాల ఆపరేషన్ అప్పుడు అర్థమైంది. కంటిలో నల్లగుడ్డు వెనక ఒక కటకం ఉంటుంది. అది గాల్లో వేలాడదు. డేరాని చుట్టూ తాళ్లు లాగి నిలబెట్టినట్టు, సాలీడు దారం కన్నా సన్నటి పోగులు దాన్ని చుట్టూ ఉన్న కండరానికి కట్టి ఉంచుతాయి. దూరాన వేపచెట్టుని చూసేటప్పుడు ఆ పోగులు బిగుసుకుని కటకాన్ని పల్చగా సాగదీస్తాయి. దగ్గరి పువ్వుని చూసేటప్పుడు కండరం ముడుచుకుని పోగులు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. ఇదంతా రెప్పపాటులో అయిపోతుంది. వయసు మీదపడి కటకం మసకబారితే డాక్టర్లు దాని సంచీ ముందుభాగం తెరిచి, లోపలి మసక పదార్థం తీసేసి, అదే సంచీలో కొత్త కటకం పెడతారు. ఆ సంచీని అప్పుడు కూడా మోసేది జిన్ పోగులే. అవి బలహీనంగా ఉంటే ఆపరేషన్ కష్టమవుతుంది. మామూలుగా పెట్టే కొత్త కటకం ఉబ్బడం, సాగడం చేయలేదు కాబట్టి దగ్గరి చూపుకి అద్దాలు కావాలి. అమ్మ పిట్టగోడ దగ్గర అద్దాలు సర్దుకుని ఆ ఎర్ర పువ్వుని చూస్తున్నప్పుడు, చూసే కంట్లోనూ చూస్తున్న పువ్వులోనూ ఒకే మనిషి పేరు ఉంది. ఈ సంగతి చెబితే అమ్మ కాసేపు ఏమీ అనలేదు. "పాపం, ముప్పై ఒకటేనా" అంది తరవాత.

ఒక చిక్కు మిగిలి ఉంది. జిన్ చూసిన జిన్నియా మన కుండీలో ఉన్న జిన్నియా కాదు. ఆయన వర్ణించింది జిన్నియా పెరువియానా. చిన్నది, ఇటుక రంగు, ఒంటి వరస రేకులు. అమెరికా ఖండంలో అరిజోనా నుంచి అర్జెంటీనా దాకా పెరుగుతుంది. మన తోటల్లో పెంచే పెద్ద పువ్వు పడమటి మెక్సికోది. అది యూరప్ చేరేసరికి జిన్ పోయి ముప్పై ఏళ్లు దాటింది. మెక్సికో నుంచి వచ్చిన గింజలు మాడ్రిడ్ రాజోద్యానంలో పూస్తే, 1791లో కవానియెస్ అనే మతాచార్యుడు దానికి ఊదారంగు పువ్వని అర్థం వచ్చేలా జిన్నియా వయొలేసియా అని పేరు పెట్టాడు. అడవిలో దాని రంగు అదే మరి. అదే సంపుటంలో ఆయన ఇంకో మెక్సికో పువ్వుకి లిన్నేయస్ శిష్యుడు ఆండర్స్ డాల్ పేరు పెట్టాడు. మన డేలియా అదే. ఇంచుమించు అదే సమయంలో వియన్నాలో జాక్విన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ ఊదా పువ్వునే చూసి జిన్నియా ఎలిగన్స్ అని పేరు పెట్టాడు. ముందు అచ్చయిన పేరుకే హక్కు అని నియమం. కానీ విత్తనాల వాళ్లూ తోటమాలులూ ఎలిగన్స్‌కి అలవాటుపడిపోయారు. అందుకే ఇప్పటికీ కొన్ని గ్రంథాల్లో వయొలేసియా అనీ, కొన్నిట్లో ఎలిగన్స్ అనీ కనిపిస్తుంది. మొక్క మాత్రం ఒకటే.

మెక్సికో నుంచి వచ్చిన పూలన్నీ మన దగ్గర పరాయివిగా ఉండిపోలేదు. బంతి కూడా అక్కడిదే. అది ఎంత మనదైపోయిందంటే బంతి లేని బతుకమ్మని, బంతి తోరణం లేని గుమ్మాన్ని ఊహించుకోలేం. ఒక ఫ్రెంచి నావికుడి పేరున్న బూగన్‌విల్లాకి మనవాళ్లు కాగితాల పువ్వని పేరు పెట్టేసుకున్నారు. ప్లుమియే అనే సన్యాసి పేరున్న చెట్టు దేవగన్నేరు అయింది. జిన్నియా మాత్రం ఆ పేరుతోనే ఉండిపోయింది. వాసన లేకపోవడం ఒక కారణం అనుకుంటాను. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని నమ్మే భాషలో, పరిమళం లేని పువ్వు జడలోకి రావడం కష్టం. అమ్మ కూడా చాలాకాలం దాన్ని పూజకి కోసేది కాదు.

రంగుల విషయంలో మాత్రం దానికి సాటి తక్కువ. ఆ ఊదా రంగు అడవి పువ్వు నుంచి ఎరుపు, గులాబి, నారింజ, పసుపు, తెలుపు, ఆఖరికి ఆకుపచ్చ కూడా తీశారు. నీలం ఒక్కటి రాలేదు. పందొమ్మిదో శతాబ్దం నడిమిలో ఫ్రాన్స్‌లో ముద్ద పూలు వచ్చాయి. 1920లో కాలిఫోర్నియాలో బాడ్జర్ విత్తనాల పొలంలో డేలియా అంత పువ్వు దొరికింది. ఆ తరవాత జిన్నియా మోజు అమెరికా అంతా పాకింది. ఇండియానా రాష్ట్రం 1931లో దాన్ని రాష్ట్ర పుష్పం చేసుకుని, 1957లో ఆ హోదా తీసేసి పియొనీకి ఇచ్చింది.

జిన్నియా అంతరిక్షంలో పూసిన సంగతి కూడా చాలామంది విన్నారు. "అంతరిక్షంలో పూసిన మొట్టమొదటి పువ్వు" అని అప్పట్లో పత్రికలు రాశాయి. అది సరికాదు. 1982లోనే సోవియట్ అంతరిక్ష కేంద్రం సాల్యూత్ 7లో అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క పూసింది. 2012లో డాన్ పెటిట్ అనే వ్యోమగామి పొద్దుతిరుగుడు పూయించాడు. జిన్నియా కథలో గొప్ప వేరే ఉంది. 2015 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో గింజలకి నీళ్లు పెట్టారు. టమాటా వేసే ముందు, పూత దాకా ఎక్కువ రోజులు పట్టే మొక్కని పెంచి చూడాలని దీన్ని ఎంచుకున్నారు. డిసెంబరుకల్లా ఆకుల మీద నీళ్లు చెమ్మగిల్లి, అంచులు వంకర్లు తిరిగి, బూజు పట్టింది. ఫ్యాను వేగం పెంచితే ఈసారి తడి ఆరిపోయి మొక్కలు వాడాయి. అప్పుడు స్కాట్ కెల్లీ అనే వ్యోమగామి, నీళ్లెప్పుడు పెట్టాలో కింది నుంచి పట్టిక పంపొద్దు, మొక్కని చూసి నేనే నిర్ణయిస్తాను అని కోరాడు. భూమ్మీదున్న బృందం ఒప్పుకుని ఒకే ఒక్క పేజీ సూచనలు పంపింది. 2016 జనవరిలో నారింజ రంగు పువ్వు విచ్చింది. తోటపని చేసే ఎవరికైనా ఆ నిర్ణయం వెంటనే అర్థమవుతుంది. తడి చూడకుండా టైముకి నీళ్లు పోసే కుండీలో మొక్క బతకదు.

మన వాతావరణంలో జిన్నియాకి శత్రువు కూడా ఆ తడే. పొద్దు తక్కువున్న రోజుల్లో త్వరగా పూసే స్వభావం దీనిది. మన దగ్గర పగలు ఏడాది పొడుగునా ఇంచుమించు పదకొండు నుంచి పదమూడు గంటల మధ్యే ఉంటుంది కాబట్టి పూతకి ఏ కాలమూ అడ్డు కాదు. గింజ నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది, రెండు నెలల్లో పూస్తుంది. ఎండ నిండా పడాలి. కానీ గాలి ఆడని చోట, సాయంత్రం ఆకుల మీద నీళ్లు చిలకరిస్తే, బూడిద తెగులు వస్తుంది. ఆకు మీద విభూతి చల్లినట్టు తెల్లగా పొడి. వానల్లో అయితే ఆకుమచ్చ తెగులు. నేను ఒక ఏడాది కుండీలో అయిదు మొక్కలు కుక్కి అన్నీ పోగొట్టుకున్నాను. ఇప్పుడు కుండీకి ఒకటే, నీళ్లు మొదట్లోనే, అదీ పొద్దున్నే. జానెడు ఎత్తు రాగానే కొస తుంచేస్తే పక్క కొమ్మలు లేస్తాయి.

తెగులు తట్టుకునే రకాలు కావాలంటే, నర్సరీల్లో దొరికే పొట్టి జిన్నియాలు అడగండి. వాటి వెనక మంచి కథ ఉంది. సన్నాకుల అంగుస్టిఫోలియా అనే జిన్నియాకి బూడిద తెగులు పట్టదు, కానీ పువ్వు చిన్నది. దాన్ని పెద్ద పువ్వు జిన్నియాతో కలిపితే పుట్టిన మొక్కకి గింజ పట్టేది కాదు. తల్లికీ తండ్రికీ క్రోమోజోముల లెక్క కుదరకపోవడమే కారణం. ఒకదానికి 22, ఇంకోదానికి 24. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో ఆ పిల్ల మొక్క క్రోమోజోముల్ని రెట్టింపు చేశారు. ప్రతిదానికీ జోడీ దొరికింది, గింజ పట్టింది. ప్రొఫ్యూజన్ పేరుతో అమ్మే రకాలు ఆ రెండు జిన్నియాల కలయికలోంచి వచ్చినవే.

వాజులో పెట్టడానికి కోసేటప్పుడు ఒక కిటుకు. పువ్వు కింద జానెడు దూరంలో కాడ పట్టుకుని ఊపండి. మెడ వంగి ఊగిసలాడితే ఇంకా ముదరలేదు, ఆగండి. కర్రలా బిగుసుకుని ఉంటేనే కోయండి. గులాబి మొగ్గ కోసినా నీళ్లలో విచ్చుకుంటుంది, జిన్నియా విచ్చదు. ఫ్రిజ్‌లో అసలు పెట్టొద్దు, వేడి దేశపు మొక్క, చలికి నల్లబడుతుంది. నీళ్లు రోజూ మారిస్తే వారం దాకా ఉంటుంది.

కొన్ని పూలు మాత్రం కోయకుండా చెట్టునే వదిలేయాలి. రంగంతా పోయి, గోధుమ రంగుకి తిరిగి, కాడ కూడా ఎండాక కోసి పేపరు మీద దులపండి. గింజలు ఏవో, పొట్టు ఏదో తెలియక చాలామంది మొత్తం పారబోస్తారు. ఎండిన రేకు ఒకటి తీసుకుని అడుగున చూడండి. బాణం ములికి లాంటి గింజ ఇంకా దాన్ని పట్టుకునే ఉంటుంది. వేలితో నొక్కితే గట్టిగా తగిలితే మంచి గింజ. రేకు విరిచేయనక్కర్లేదు, దాంతో సహా మట్టిలో పెట్టి వేలి గోరు లోతున కప్పితే చాలు. మొన్న అమ్మ అలాంటివి పన్నెండు ఏరి, పొట్లం కట్టి, పైన పెన్సిలుతో "జిన్ను" అని రాసి పెట్టింది.